లాభం ఎక్కడికి పోయింది?

భిలాయి ఉక్కు నగరంలో మరోదా ఒక పేట. పక్కనే అదే పేరుగల జలాశయం ఉన్నది. 1955లో సోవియట్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజుల్లో ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పని వెదుక్కుంటూ ఇక్కడికి చేరిన వారిలో మా తాతగారు ఒకరు. ఆయన కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన కుమారుడు, అనగా మా మేనమామ, ఉద్యోగం వద్దనుకొని లైట్ ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. ఇనుప రేకులు కోసి, వంచి, వెల్డింగు చేసి గొట్టాలు, తొట్లు, మెట్ల చట్రాలు తయారుచేసి కాంట్రాక్టర్లకు ఇవ్వటం ఆయన వృత్తి.

రెండేళ్ళ క్రితం నేను మరోదా వెళ్ళినప్పుడు మామయ్య ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. జి.ఎస్.టి. శాఖవారి నోటీసు. "నువ్వు ఇంగ్లీషు ఎం.ఏ. చదివావు గదా నాయనా, ఇందులో ఏముందో తెలుగులో చెప్పు" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా అనువాదమే నా జీవనోపాధి. వాక్యం వెంట వాక్యం తెలుగు చేసి వినిపించాను. అంతా విని ఆయన, "అయితే ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. మాటలన్నీ భాష మారాయి గాని, విషయం మాత్రం ఇద్దరికీ అందలేదు. జవాబుకు ఏడు రోజులే గడువు ఉన్నదన్న ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా అర్థమయింది.

మరునాడు దుర్గ్‌లో ఒక చార్టర్డ్ అకౌంటెంటు కార్యాలయానికి వెళ్ళాము. ముప్పై ఏళ్ళు నిండని తెలుగు అమ్మాయి. మామయ్య మొహంలో సందేహం కనిపించింది. మునీమ్‌జీ అంటే నెరిసిన మీసాలతో, మడత బల్ల వెనక కూర్చుని ఉండాలని ఆయన ఊహ. ఆమె నోటీసు చదవటానికి అర నిమిషం కూడా పట్టలేదు. "బాబాయి గారూ, మీరు ఇనుము కొన్నప్పుడు కట్టిన పన్నును మీ పన్నులోంచి తగ్గించుకున్నారు. అమ్మిన వ్యాపారి ఆ బిల్లును తన రిటర్నులో చూపలేదు. మీ లెక్కకూ అతని లెక్కకూ తేడా వచ్చింది. అంతే" అన్నది.

ఈ 'అంతే' వెనక ఉన్న వ్యవస్థను పాఠకులకు కొంచెం చెప్పాలి. 2017 జులై 1న జి.ఎస్.టి. అమలులోకి వచ్చిన తరువాత, కొన్నవాడికి రావలసిన పన్ను జమ అమ్మినవాడి సక్రమతపై ఆధారపడి ఉన్నది. మనం డబ్బిచ్చాము, బిల్లు తీసుకున్నాము అంటే చాలదు. ఆ బిల్లు అవతలివాడి రిటర్నులో కనిపించాలి. లేనిదాన్ని జమ చేసుకుని వాడుకుంటే, తిరిగి కట్టటమే కాక ఏటికి 18 శాతం వడ్డీ కూడా పడుతుంది. ప్రతి నెలా కొనుగోలు బిల్లులను ప్రభుత్వం చూపే జాబితాతో సరిపోల్చటం ఇందుకు విరుగుడు. పెద్ద విద్యేమీ కాదు. కాని పగలంతా వెల్డింగు నిప్పురవ్వల మధ్య నిలబడి వచ్చిన మనిషి రాత్రి పది గంటలకు చేయగల పని మాత్రం కాదు. ఆమె ఆ ఇనుము వ్యాపారికి ఫోను చేసింది. వదిలేసిన బిల్లుల్లో చాలా భాగం అతడు తరువాతి రిటర్నులో చేర్చాడు. మిగిలినది మామయ్య వడ్డీతో సహా కట్టి, గడువులోగా జవాబు పంపాడు.

అక్కడితో వ్యవహారం ముగిసిందనుకుని మామయ్య లేవబోతుంటే ఆమె ఆపింది. "ఈ మధ్య చేసిన పెద్ద పని ఒకటి చెప్పండి, అందులో మీకెంత మిగిలింది?"

మామయ్య తడుముకోలేదు. లెక్కలన్నీ ఆయనకు కంఠస్థం. తొమ్మిది లక్షల పని. ఇనుము 5,60,000. కూలీలు 1,50,000. గ్యాసు, వెల్డింగు రాడ్లు 40,000. లారీ కిరాయి 20,000. మిగిలింది 1,30,000. చెప్పి, గర్వంగా నా వైపు చూశాడు.

ఆమె కాగితం మీద రాసుకుంటూ పోయింది. కరెంటు బిల్లులో ఈ పని వాటా 28,000. యంత్రాల అరుగుదల 15,000. మా మేనబావ రెండు నెలలు ఆ పని మీదే ఉన్నాడు. బయటివాడైతే నెలకు ఇరవై వేలు ఇవ్వవలసి వచ్చేది, అవి 40,000. డబ్బు చేతికి రావటానికి ఐదు నెలలు పట్టింది. అందాకా బ్యాంకు నుంచి వాడుకున్న ఆరు లక్షలపై 14 శాతం చొప్పున వడ్డీ 35,000. మొత్తం 1,18,000. తీసివేస్తే మిగిలింది పన్నెండు వేలు.

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తున్నది. పదిహేనేళ్ళుగా పని చేస్తూనే ఉన్నాడు, పనులు వస్తూనే ఉన్నాయి, చేతిలో డబ్బు మాత్రం నిలవటం లేదు. ఇది గ్రహచారమని ఆయన, దుబారా అని అత్తయ్య అనుకుంటూ వచ్చారు. పైగా బిల్లు రాసిన మరుసటి నెల 20వ తేదీకల్లా ఆ తొమ్మిది లక్షలపై 18 శాతం, అంటే 1,62,000 రూపాయల పన్ను లెక్కకు వచ్చింది. ఇనుముపై కట్టిన పన్ను తగ్గించుకోగా మిగిలినది, కాంట్రాక్టరు ఒక్క రూపాయి ఇవ్వకముందే, మామయ్య జేబులోంచి పోయింది. ఆ నెలలోనే అత్తయ్య గాజులు బ్యాంకులో కుదువకు వెళ్ళాయి.

ఇటువంటివి మన చదువురాని చిన్న వ్యాపారులకే జరుగుతాయనుకుంటే పొరపాటు. రాబిన్సన్ క్రూసో నిర్జన ద్వీపంలో తన కష్టసుఖాలను జమాఖర్చుల పద్ధతిలో రెండు వరుసలుగా రాసుకుంటాడు. ఆ కథ రాసిన డేనియల్ డీఫో అంతకు చాలా ముందు, 1692లో, దాదాపు పదిహేడు వేల పౌన్ల అప్పుతో దివాలా తీసిన వర్తకుడు. క్రూసో పద్దుల వెనక ఆ అనుభవం ఉన్నదని నా అనుమానం. మరొకరు పింగాణీ పాత్రల తయారీకి పేరుమోసిన జోసయ్యా వెజ్‌వుడ్. 1772లో వ్యాపారం మందగించినప్పుడు ఆయన తన పుస్తకాలు తానే విప్పి చూసుకున్నాడు. ఏ పాత్రకు నిజంగా ఎంత ఖర్చవుతున్నదో అప్పుడు తెలిసింది. గుమాస్తా సొమ్ము కాజేస్తున్న సంగతీ బయటపడింది.

ఇక రావలసిన బాకీల మాట. ఇక్కడే ఆ అమ్మాయికీ మామయ్యకూ వాదం జరిగింది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం, నమోదైన చిన్న సంస్థకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. తప్పితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. మామయ్య షెడ్డుకు ఉద్యమ్ నమోదే లేదు. "చట్టం చూపిస్తే రేపు పని ఎవరిస్తారమ్మా?" అన్నది ఆయన ప్రశ్న. అది తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. హక్కు ఉన్నంత మాత్రాన చిన్నవాడు దాన్ని వాడుకోలేడు. ఈ సంగతి చట్టం రాసినవారికంటే మామయ్యకే బాగా తెలుసు.

ఆమె వాదించటం మానేసింది. ముందు నమోదు చేయించింది. ఆరో నెలకు చేరువవుతున్న మరొక పాత బాకీకి ఒక మర్యాదైన ఉత్తరం రాసింది. అందులో వడ్డీ ప్రస్తావన లేదు, బెదిరింపు లేదు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోగా చెల్లించకపోతే మీరు తీసుకున్న పన్ను జమను మీరే వెనక్కి ఇవ్వవలసి వస్తుంది, ఆ ఇబ్బంది మీకు కలగరాదని గుర్తుచేస్తున్నాము అని మాత్రం ఉన్నది. ఉత్తరం నేను చదివాను. అంత క్లుప్తమైన ఇంగ్లీషు నేను రాయలేను. డబ్బు రెండు విడతలుగా వచ్చింది.

ప్రతి చిన్న దుకాణమూ జీతమిచ్చి అకౌంటెంటును పెట్టుకోవాలని కాదు. మామయ్య షెడ్డుకు ఇప్పుడు నెలకు రెండు పూటలు ఒక గుమాస్తా కుర్రవాడు వచ్చి బిల్లులు కంప్యూటరులో ఎక్కించి పోతాడు. మూడు నెలలకొకసారి ఆ అమ్మాయి చూస్తుంది. ఇద్దరికీ కలిపి ఇచ్చేది ఆయన టీ, బీడీల ఖర్చు కంటే ఎక్కువే, కాదనను. అయితే ఈ రెండేళ్ళలో ఆయన మూడు పనులు వద్దన్నాడు. అంతకుముందు జన్మలో పని వద్దన్న మనిషి కాడు.

పుస్తకాలు మొదటిసారి సిద్ధమైనప్పుడు ఆమె ఒక పట్టు పట్టింది. కుదువపెట్టిన గాజులపై వచ్చిన సొమ్మును 'ఇంటి డబ్బు' అని రాయనివ్వలేదు; షెడ్డు అత్తయ్యకు పడిన అప్పుగా, అత్తయ్య పేర ప్రత్యేక ఖాతా తెరిపించింది. మామయ్య నవ్వాడు, కొంచెం నొచ్చుకున్నాడు కూడా. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అత్తయ్య ఆ ఖాతా కాగితం తెచ్చి నాకు చూపించింది. అంతా ఇంగ్లీషులో ఉన్నది. తెలుగులో చెప్పనా అని అడిగాను. అక్కరలేదన్నది. తీరిన మూడు వాయిదాల మీద, ఇంకా రావలసిన రెండింటి మీద వేలు పెట్టి తానే వరుసగా చూపించి, కాగితం మడిచి బీరువాలో దాచుకున్నది.