చింతచెట్టు ఊరిది, కొంగ ఎవరిది?

రాయ్‌పూర్ నుంచి రాజిమ్ మీదుగా మహానది దాటితే గరియాబంద్ జిల్లా వస్తుంది. 2012 దాకా ఇదీ రాయ్‌పూర్ జిల్లాలో భాగమే. ఈ జిల్లాలోని లచ్‌కేరా గ్రామానికి ఏటా తొలకరితో పాటు వందల కొద్దీ కొంగలు వచ్చి చింత, రావి చెట్ల మీద గూళ్ళు కడతాయి. పిల్లలు ఎగరగానే వెళ్ళిపోతాయి. వాటి మీద రాయి విసరకూడదని, గూళ్ళున్న చెట్టును కొట్టకూడదని ఊరివాళ్ళే కట్టుబాటు పెట్టుకున్నారు. తప్పితే జరిమానా. అటవీశాఖ బోర్డు పెట్టకముందే ఊరు పెట్టుకున్న నియమం ఇది.

వానాకాలం మొదలవగానే హిందీ పత్రికల్లో ఈ ఊరి ఫోటోలు వస్తాయి. 'వానల దూతలు వచ్చాయి' అన్నదే ఏటా శీర్షిక. మెచ్చుకోవడంలో తప్పులేదు. అయితే ఆ మెప్పు ఊరికి ఏమిచ్చింది, కొంగలకు ఏమిచ్చింది అని అడిగినవారు తక్కువ. లచ్‌కేరా లాంటి ఊళ్ళను ఆదర్శమని పొగిడి వదిలేయడం సంరక్షణ అనిపించుకోదు. కాపలా ఊరు కాస్తోంది. మిగతా పని చేయాల్సినవాళ్ళు చేయడం లేదు.

ముందు కొంగ సంగతి. శాస్త్రీయ నామం అనస్టోమస్ ఆసిటాన్స్. తెలుగులో నత్తగుల్ల కొంగ, హిందీలో ఘోంఘిల్. రెండు భాషలూ దాన్ని తిండి పేరుతోనే పిలిచాయి. పెద్ద పక్షి ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. ఆ సందు గుల్లను అడకత్తెరలా నొక్కి పగలగొట్టడానికేనని చాలాకాలం అనుకున్నారు. 1970ల మొదట్లో ఫిలిప్ కాల్ అనే పక్షిశాస్త్రవేత్త దగ్గరగా గమనించి, గుల్ల పగలడం లేదని తేల్చాడు. కింది ముక్కు మొనను గుల్లలోకి దూర్చి, నత్తను గుల్లకు అంటిపెట్టే కండరాన్ని కోసి, మాంసాన్ని బయటికి లాగేస్తుంది. పని ఎక్కువగా నీటి అడుగునే జరుగుతుంది కాబట్టి చూసేవాళ్ళకు తెలియదు. పంతొమ్మిదో శతాబ్దంలోనే థామస్ జెర్డన్ ఈ కొంగ కళ్ళకు గంతలు కట్టినా నత్తను తీయగలదని రాశాడు. మన కలివికోడికి ఇంగ్లిషులో ఉన్న పేరు ఈ జెర్డన్‌దే. పుట్టిన పిల్లల ముక్కుకు సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది.

ఇక 'వానల దూత' మాట. ఊరివాళ్ళ నమ్మకాన్ని మూఢనమ్మకమని కొట్టేయడం తొందరపాటు. ఈ కొంగ ముఖ్యాహారం పైలా జాతి మంచినీటి నత్త. ఎండాకాలంలో చెరువు ఎండితే ఈ నత్త బురదలోకి దిగి, గుల్లకు మూత బిగించుకుని నెలల తరబడి పడుకుంటుంది. తొలి వానలకు నేల నానగానే పైకి వస్తుంది. తిండి దొరికే కాలానికే కొంగ గూడు కడుతుంది. వానలు సరిగా లేని ఏడు గూడు కట్టకుండా మానేయడమూ ఉంది. అంటే ఊరివాళ్ళు చూసింది నిజం. కారణానికీ ఫలితానికీ మధ్య బాణం గుర్తు మాత్రమే తిరగబడింది. కొంగ వానను తేవడం లేదు, వానే కొంగను తెస్తోంది.

ఈ బాణాన్ని సరిదిద్దితే ఆ నమ్మకం విలువ తగ్గదు, పెరుగుతుంది. ఏ ఏడు ఏ తేదీన మొదటి కొంగ దిగింది, అప్పటికి ఎన్ని వానలు పడ్డాయి, ఎన్ని గూళ్ళు కట్టాయి అన్న లెక్క యాభై ఏళ్ళది ఉంటే రుతుపవనాల మార్పును చదవడానికి అంతకంటే మంచి పుస్తకం దొరకదు. ఆ లెక్క ఊరి పెద్దల జ్ఞాపకంలోనే ఉంది. కాగితం మీదికి ఎక్కించే పనిని ఏ సంస్థా తలకెత్తుకోలేదంటే తప్పు ఊరిది కాదు.

కాపలాకు ఖర్చూ ఉంది. ఇలాంటి గూళ్ళ కాలనీ కింద నెలల తరబడి బతకడం ఎలా ఉంటుందో ఫోటోలో కనిపించదు. వాకిళ్ళ నిండా రెట్టలు, కిందపడి కుళ్ళిన నత్తల కంపు, పిల్లలు జారిపడితే కుక్కల గోల. చెట్టు సొంతదారుకు కలప అవసరమైనా గొడ్డలి ఎత్తడానికి లేదు. కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరులో ఈ లెక్క ఇంకా సూటిగా కనిపిస్తుంది. అక్కడ గూడబాతులు గూళ్ళలో ఉండే కాలమూ చింతపండు రాల్చే కాలమూ ఒకటే. అందుకే పండు వదులుకున్న చెట్ల యజమానులకు అక్కడి అటవీశాఖ పరిహారం ఇచ్చే పద్ధతి వచ్చింది. 1990ల నుంచి పనిచేస్తున్న 'హెజ్జార్లె బళగ' అనే స్థానిక బృందం కిందపడిన పిల్లలను ఎత్తి పెంచుతుంది. కన్నడంలో ఆ పేరుకు 'గూడబాతు బంధువులు' అని అర్థం. లచ్‌కేరాలో పండు రాల్చే నాటికి కొంగలు వెళ్ళిపోతాయి కాబట్టి అదే పరిహారాన్ని ఇక్కడికి తెచ్చి అతికిస్తే కుదరదు. ఇక్కడి నష్టం వేరు. దాన్ని ముందు ఊరిని అడిగి రాసుకోవాలి.

తెలుగు పాఠకులకు ఇదంతా కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చేది ఇదే నత్తగుల్ల కొంగ. అక్కడా వాటిని వానలతో, మంచి పంటతో ముడిపెట్టి చూసుకుంటారు. ఒడియా, తెలుగు, ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఊళ్ళు ఒకదాన్నొకటి చూడకుండానే ఒకే తీర్పుకు వచ్చాయి. అదే జిల్లాలోని తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. అక్కడి ఊరివాళ్ళకూ అవి ఇంటి ఆడపడుచుల్లాంటివే. అయినా 2021 చివర్లో, 2022 మొదట్లో అక్కడ వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. పరీక్షల్లో నులిపురుగుల బెడద బయటపడింది. కొక్కరె బెళ్ళూరులో 2017 చివర మొదలైన మరణాలకూ ఇలాంటి పురుగులే కారణమని తేలింది.

ఉండేలు పట్టిన కుర్రవాణ్ణి ఊరు ఆపగలదు. పక్షి తిన్న చేపలోంచి కడుపులోకి చేరిన పురుగును ఆపలేదు. ఊరి ప్రేమకు ఉన్న హద్దు అది. దానికి పశువైద్యుడు కావాలి, ప్రయోగశాల కావాలి. పక్షులు కుప్పలుగా చచ్చాక కాదు, అంతకు ముందే.

లచ్‌కేరా విషయంలో అసలు భయం నత్త దగ్గరే ఉండాలి. గూడు ఊళ్ళో ఉన్నా తిండి చుట్టూ కిలోమీటర్ల దూరం పరుచుకున్న వరి మళ్ళలో ఉంది. ఆ మళ్ళు వేరే ఊళ్ళవి. లచ్‌కేరా కట్టుబాటు అక్కడ చెల్లదు. ఆ పొలాల్లో ఏ మందు ఎంత చల్లుతున్నారు, నత్తల ఒంట్లో ఎంత చేరుతోంది అన్నది కొలిచే స్తోమత రాయ్‌పూర్‌కు ఉంది. ఇందిరా గాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నది ఆ నగరంలోనే. నాలుగు సీజన్ల పాటు కొన్ని పొలాల నుంచి నత్తలు ఏరి పరీక్షించడం ఒక ఎమ్మెస్సీ విద్యార్థి ప్రాజెక్టు పాటి పని.

కొంగను 'రైతు మిత్రుడు' అనడంలోనూ కాస్త జాగ్రత్త అవసరం. థాయ్‌లాండ్ పొలాల్లోకి దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడ్డ బంగారు నత్తలను ఈ కొంగ బాగా తింటుందని పరిశోధకులు నమోదు చేశారు. ఛత్తీస్‌గఢ్ నత్త అలాంటి వలస తెగులు కాదు, ఇక్కడిదే. ఎన్ని నత్తలు తింటే ఎన్ని నారుమొక్కలు మిగిలాయో లెక్క చూపకుండా రైతుకు లాభమని చెప్పడం, రేపు ఎవరైనా లాభం లేదని తేల్చిన రోజున కొంగకే చేటు చేస్తుంది. లాభం లేకపోయినా ఉండనిద్దాం అనుకున్న ఊరికి ఆ సాకు అవసరమూ లేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 2021 జనవరి చివర్లో బెమెతరా జిల్లాలోని గిధ్వా-పర్సదా చెరువుల దగ్గర రాష్ట్రంలో తొలి పక్షుల పండుగ జరిగింది. 2025 డిసెంబరులో బిలాస్‌పూర్ దగ్గరి కోప్రా జలాశయం రాష్ట్రానికి తొలి రామ్‌సర్ గుర్తింపు తెచ్చింది. ఇవన్నీ నీటికి దక్కిన గౌరవాలు. ఊరి నడుమ చింతచెట్టుకు ఏ జాబితాలోనూ చోటు లేదు. పైగా నత్తగుల్ల కొంగ అంతరించిపోయే జాతుల్లో లేదు కనుక నిధులకూ ముందు వరసలో రాదు. మామూలుగా ఉన్న పక్షిని మామూలుగానే ఉండనివ్వడం చవక. అరుదైపోయాక తిరిగి తేవడం ఎంత కష్టమో కలివికోడి చూపించింది.

చట్టంలో దారి ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 36సి సెక్షన్ కింద ఊరు ఇష్టపడి ముందుకొస్తే కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. కొక్కరె బెళ్ళూరుకు 2007లో ఆ హోదా వచ్చింది. నిర్వహణ కమిటీలో ఊరి ప్రతినిధులదే మెజారిటీ. కానీ ఒకసారి ప్రకటించాక కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేకుండా భూమి వాడకం మార్చడానికి వీల్లేదు. ఇంటి పెరట్లో చెట్టున్న రైతు దీనికి జంకితే తప్పుపట్టలేం. తన ఇష్టంతో చేస్తున్న పని రేపు నోటీసుగా మారుతుందేమోనన్న అనుమానం వస్తే కట్టుబాటే సడలిపోతుంది. అందుకని హోదా కోసం పరుగెత్తకుండా చిన్న మెట్టుతో మొదలుపెట్టడం మేలు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, దాని దగ్గర ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. చాలాచోట్ల ఆ రిజిస్టరు ఒకసారి నింపి బీరువాలో పెట్టే కాగితమైంది. లచ్‌కేరాలో దాన్ని ఏటా రాసే పుస్తకంగా మార్చవచ్చు.

రాసేది కొంచెమే. మొదటి కొంగ దిగిన తేదీ, ఆ రోజు దాకా కురిసిన వాన, ఏ చెట్టు మీద ఎన్ని గూళ్ళు, గూడుకు ఎన్ని పిల్లలు ఎగిరాయి, ఎన్ని కిందపడ్డాయి, చచ్చిన పక్షి ఒంటి మీద గాయం ఉందా లేదా, చుట్టుపక్కల ఏ పొలంలో ఏ మందు చల్లారు. ఊరి బడి పిల్లలు లెక్కపెట్టగలరు, బడి వాకిట్లో వానమాపకం పెట్టడానికి పెద్ద ఖర్చు లేదు. జిల్లా పశువైద్యుని ఫోన్ నంబరు పుస్తకం మొదటి పేజీలో ఉండాలి, ఫోన్ చేస్తే ఆయన రావాలి. రాసిన ప్రతి ఏటా రాయ్‌పూర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాలి, అక్కడివాళ్ళు ఏం కనుక్కున్నారో ఛత్తీస్‌గఢీలో ఊరి సభకు వచ్చి చెప్పాలి. వచ్చే జూన్‌లో కొంగలు దిగేలోపు ఇందులో సగమైనా మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు.