సబ్బు దిమ్మను ఎప్పుడు కోయాలి?

గత ఏడాది షాబాన్ నెల సగం గడిచినప్పుడు, రానున్న ఈద్ నాడు బంధువులకు, ఇరుగుపొరుగు వారికి ఇచ్చేందుకు ఇంట్లోనే సబ్బులు తయారు చేయ సంకల్పించాము. ఒకే రాత్రి, ఇషా నమాజు తరువాత, రెండు అచ్చులు నింపాము. ఒకదానిలో కేవలం కొబ్బరినూనె. రెండవదానిలో మూడు పాళ్ళు ఆలివ్ నూనె, ఒక పాలు కొబ్బరినూనె. 'ఒక రోజు ఆగి కోయాలి' అని విని ఉన్నందున, మర్నాడు సరిగ్గా అదే వేళకు రెంటినీ కత్తి కిందకు తెచ్చాము.

కొబ్బరినూనె దిమ్మ కత్తి తగలగానే అంచుల వద్ద పెళుసుగా విరిగింది. పన్నెండు బిళ్ళలు రావలసిన చోట, చేతికి ఇవ్వదగినవి ఏడే దక్కాయి. రెండవ దిమ్మ కత్తికి అంటుకొని, బంకగా సాగి, రూపు చెడింది. ఒకే గడియారం, ఒకే కత్తి, అయినా రెండు వేర్వేరు నష్టాలు! కోసే వేళను నిర్ణయించేది గడియారం కాదని, ఆ దిమ్మేనని ఆనాడు బోధపడింది.

మిఠాయి చేసే చేతులకు ఇది కొత్త సంగతి కాదు. మైసూర్‌పాక్‌ను పళ్ళెంలో పోసిన వెంటనే గీత పెడితే గీత కలిసిపోతుంది. పూర్తిగా చల్లారాక కోస్తే పొడి రాలుతుంది. నడుమనున్న కొద్ది సమయమే అసలైన అదను. సబ్బుకూ అటువంటి అదను ఉంది. కాకపోతే అది నూనెను బట్టి మారుతుంది.

కొబ్బరినూనె సబ్బు త్వరగా వేడెక్కి, త్వరగా గట్టిపడుతుంది. దానిని ఆరు నుండి పన్నెండు గంటల లోపు చూసుకోవాలి. పలు నూనెలు కలిపిన సబ్బుకు సాధారణంగా 24 నుండి 48 గంటలు పడుతుంది. ఆలివ్ నూనె అధికంగా ఉంటే మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి వారం కూడా ఆగవలసి వస్తుంది. ఉప్పు ఎక్కువగా కలిపిన సబ్బు మాత్రం కొద్ది గంటల్లోనే రాయిలా మారుతుంది కనుక దానిని కనిపెట్టుకొని ఉండాలి. నీరు ఎక్కువైనా, గది చల్లగా ఉన్నా ఆలస్యమవుతుంది. అచ్చుకు దుప్పటి కప్పి వేడి నిలిపితే త్వరపడుతుంది. కనుక ఈ గంటలన్నీ అంచనాలే. తీర్పు చెప్పేది పరీక్ష.

పరీక్షకు ముందు చేతులకు రబ్బరు తొడుగులు ధరించండి. ఈ దశలో సబ్బులో క్షారం ఇంకా మిగిలి ఉండవచ్చు. అది చర్మాన్ని మండిస్తుంది. పిల్లలను దగ్గరకు రానీయకండి. పొరపాటున చేతికి అంటితే ధారాళమైన నీటితో కడగండి. మొదట అచ్చును బయటి నుండి తాకి చూడండి. వెచ్చగా ఉంటే లోపలి భాగం ఇంకా మెత్తగానే ఉంటుంది, ఆగండి. చల్లారాక దిమ్మ అంచున బొటనవేలితో నొక్కండి. వేలు దిగబడితే తొందరపడుతున్నారన్నమాట. గట్టి పనీర్ ముక్కలా కొద్దిగా మాత్రమే లొంగితే, అచ్చు నుండి తీసి, ఒక చివర పలుచని ముక్క కోయండి. కత్తికి ముద్దగా అంటుకుంటే మరో పన్నెండు గంటలు ఆరనివ్వండి. పొడి రాలితే అదను దాటుతోంది, ఆలస్యం చేయక మిగిలినది కోసేయండి. ముక్క నున్నగా, అంచులు పదునుగా వస్తే అదే సరైన వేళ.

కోతకు పళ్ళు లేని పలుచని కత్తి గాని, బిగించి పట్టిన సన్నని ఉక్కు తీగ గాని మేలు. స్కేలుతో రెండున్నర సెంటీమీటర్లకొక గుర్తు పెట్టుకోండి. రంపంలా ముందుకూ వెనక్కూ లాగక, నిలువుగా ఒకే ఒత్తిడితో కిందకు దించండి. ప్రతి కోత తరువాత కత్తిని తుడవండి. పైన గులాబీ రేకులు చల్లి ఉంటే దిమ్మను పక్కకు పడుకోబెట్టి కోయండి. లేనిచో రేకులు కత్తితోపాటు లోపలికి దిగి గీతలు పడతాయి.

ఒక హెచ్చరిక. కోసినప్పుడు లోపల తెల్లని పొడి గుంటలు గాని, ద్రవం గాని కనిపిస్తే అది కోతలో వచ్చిన లోపం కాదు. క్షారం సరిగా కలవలేదన్నమాట. అటువంటి సబ్బును ఒంటికి వాడరాదు.

ఈ విద్యను తరతరాలుగా కాపాడుకుంటున్న వారున్నారు. పాలస్తీనాలోని నాబ్లుస్ పట్టణంలో ఆలివ్ నూనె సబ్బును పెద్ద పాత్రలో ఉడికించి, విశాలమైన నేలపై పరుస్తారు. అది తగినంత బిగుసుకున్నాకే గీతలు గీసి, ముద్ర వేసి, కోస్తారు. ఆపై గాలి ఆడేలా గోపురాలుగా పేర్చి ఆరబెడతారు. సిరియాలోని అలెప్పోలో లారెల్ నూనె కలిపిన సబ్బును కోసిన తరువాత నెలల తరబడి ఆరనిస్తారు. ఈ రెండు విద్యలను యునెస్కో 2024లో మానవాళి అమూర్త వారసత్వపు జాబితాలో చేర్చింది.

మన ఇంటి సబ్బుకూ కోతతో పని ముగియదు. బిళ్ళల మధ్య ఎడం ఉంచి, నీడన, గాలి తగిలే చోట నాలుగు నుండి ఆరు వారాలు ఆరబెట్టాలి.

మా సంగతి ముగిస్తాము. మరునాడు ఫజ్ర్ తరువాత మరో కొబ్బరినూనె దిమ్మ పోసి, ఈసారి గంటగంటకూ వేలితో చూస్తూ, అసర్ వేళకు కోశాము. పన్నెండుకు పన్నెండూ నున్నగా వచ్చాయి. ఈద్ నాడు అవి పొరుగిళ్ళకు వెళ్ళాయి. విరిగిన ఐదూ మా ఇంటి వాడకానికి మిగిలాయి. వాటి నురుగుకు మాత్రం ఏ లోటూ లేదు.