హునర్ నేర్చుకోండి, కర్జ్ నెత్తికెత్తుకోకండి



మూడు నెలల కింద గజపతినగరంలో మా ఆపా ఇంటికి వెళ్లాను. అన్నాలయ్యాక ఆపా బీరువాలోంచి చిన్న డబ్బా తీసి నా ముందు పెట్టింది. లోపల తన నికాహ్ నాటి గాజులు. "వీణ్ని కోర్సులో చేర్పించాలి భాయ్. ఇవి తాకట్టు పెడదామనుకుంటున్నా, నువ్వేమంటావ్?" అంది.

మా భాంజా బీఎస్సీ కంప్యూటర్స్ పాసై ఏడాదైంది. "మామూ, ఆరు నెలల బూట్‌క్యాంప్. వెబ్ డెవలపర్ అయిపోతా. ఉద్యోగం గ్యారంటీ అంట" అన్నాడు. ఫీజు రెండు లక్షల పైమాటే. చేతిలో లేకపోతే ఈఎంఐ పెట్టిస్తారట.

డబ్బా మూత వేసి ఆపాకే ఇచ్చేశాను. ఇలాంటి డబ్బాలు మన ఇళ్లలో చాలానే తెరుచుకుంటున్నాయి కాబట్టి కారణం రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, నేను కోడింగ్‌కి ఖిలాఫ్ కాదు. అది మంచి హునర్. పేజీ కట్టడానికి హెచ్‌టీఎంఎల్, రంగూ రూపూ ఇవ్వడానికి సీఎస్‌ఎస్, బటన్ నొక్కితే పని జరగడానికి జావాస్క్రిప్ట్, వెనకాల డేటాబేస్. ఇవి నేర్వడానికి ఇంజినీరింగే చదివి ఉండాలని లేదు. రోజూ కూర్చునే సబర్ కావాలి. పిల్లల ఆశ కూడా గాలి మేడ కాదు. విశాఖలో టీసీఎస్‌కి 21.16 ఎకరాలు 99 పైసలకే ఇవ్వాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది. గజపతినగరం పిల్లలకి విశాఖ ఎంత దూరం?

నా ఫికర్ అంతా కర్జ్ గురించే.

బూట్‌క్యాంప్ అంటే అసలు కొత్త సిపాయిలకిచ్చే కఠిన శిక్షణ. కోడింగ్‌కి ఆ పేరు తగిలించి 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డెవ్ బూట్‌క్యాంప్ మొదలైంది, 2017లో మూతపడింది. ఆ పేరు రాకముందే మనకి అమీర్‌పేట ఉంది. మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి, చేతి డబ్బు కట్టి ఎందరో కోర్సులు నేర్చుకున్నారు. ఆ తర్వాత ఎవరి మెహనత్ వాళ్లది, ఎవరి నసీబ్ వాళ్లది. ఇప్పుడు ఫీజుకి అప్పు తోడైంది, అప్పుకి ధైర్యంగా "గ్యారంటీ" తోడైంది.

ఆ వాదా ఎంతవరకు వెళ్తుందో అమెరికాలో చూశాం. 2017లో లాంబ్డా స్కూల్ అని వచ్చింది, తర్వాత బ్లూమ్‌టెక్ అయింది. ముందు ఏమీ కట్టక్కర్లేదు, ఉద్యోగం వచ్చాక జీతంలో 17 శాతం ఇవ్వండి, ఇది అప్పే కాదు అన్నారు. 2024 ఏప్రిల్‌లో అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ అది అప్పేనని తేల్చింది. ఒక్కో అప్పు మీద సగటున 4,000 డాలర్ల దాకా అదనపు భారం ఉందంది. 71 నుంచి 86 శాతం మందికి ఉద్యోగాలు వచ్చాయని ప్రచారం చేసుకున్నారు, లోపలి లెక్కల్లో అది 50 శాతం దరిదాపుల్లోనే ఉంది, ఒక్కోసారి 30కి పడింది. ఇక అప్పులివ్వకూడదని ఆ సంస్థను శాశ్వతంగా నిషేధించారు.

మన దగ్గర "జీరో కాస్ట్ ఈఎంఐ" అంటారు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే చెప్పింది. సూద్ ఎక్కడో ఒక చోట ఉంటుంది, ఫీజులోనో ఛార్జీల్లోనో దాక్కుంటుంది. పైగా అప్పు ఇచ్చేది వేరే ఫైనాన్స్ కంపెనీ. పిల్లాడు రెండో నెలలో మానేసినా వాయిదా ఆగదు. సూద్ వద్దనుకునే ఇల్లు సంతకానికి ముందు ఈ మాట తెలుసుకోవాలి. ఆన్‌లైన్ అప్పులకి ఒక పత్రంలో మొత్తం ఖర్చు చూపాలనీ, వద్దనుకుంటే వెనక్కి తగ్గడానికి గడువివ్వాలనీ 2022 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఆ పత్రం అడగండి. గ్యారంటీ అంటే ఏ జీతం, ఏ ఊళ్లో, రాకపోతే ఎంత వాపస్ అన్నది కాగితం మీద రాసిమ్మనండి. నోటి మాట మీద సంతకం చేయకండి.

"ఉస్తాద్ లేకపోతే మా వాడు కూర్చోడు" అంటారు. సహీ బాతే. టైముకి లేపేవాళ్లు, తప్పు దిద్దేవాళ్లు, తోటి షాగిర్దులు ఉండటం నిజంగా విలువైనదే. కానీ ఉచితంగా మూడు నెలలు కూర్చోలేని పిల్లాడు రెండు లక్షలు కడితే కూర్చుంటాడా? ఫ్రీకోడ్‌క్యాంప్ 2014 నుంచి పైసా తీసుకోకుండా నేర్పుతోంది. హార్వర్డ్ వాళ్ల సీఎస్50 పాఠాలూ ఉచితమే. ముందు అక్కడ పరీక్షించుకోనివ్వండి. నిలబడితే అప్పుడు దగ్గర్లో నెలనెలా ఫీజు తీసుకునే చోటు చూడండి. బేటాకే కాదు, బేటీకి కూడా. పాఠం ఇంటికే వస్తున్నప్పుడు హాస్టల్ భయం చెప్పి ఆపడం ఇన్సాఫ్ కాదు.

మా భాంజాకి పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనిచ్చాం. మొదటి నెల రెండుసార్లు మానేశాడు, మళ్లీ కూర్చున్నాడు. ఇప్పుడు మా మస్జిద్ నమాజ్ వేళల పేజీ తయారు చేశాడు. మొన్న అందులో అసర్ టైము తప్పు చూపిస్తే రాత్రంతా వెతికి దిద్దాడు. ఉద్యోగం ఇంకా రాలేదు, రావడానికి టైము పట్టొచ్చు. అంతవరకు ఏ కంపెనీ నుంచీ వాయిదా ఫోన్ రాదు.

ఆపా గాజులు ఆపా దగ్గరే ఉన్నాయి. దువా చేయండి.