దొరకని సామాను, నిలిచిన లారీలు

బంగారుపాళ్యము మామిడి యార్డును జూను, జూలై మాసములలో చూచినవారికి మోటారు లారీ ఈ సీమకు ఎంతటి ఆధారమో వేరుగ చెప్పనక్కరలేదు. తోతాపురి కాయ కోసినది మొదలు రైతునకు ప్రతి గడియయు నష్టకారణమే. కాయ చిత్తూరు చుట్టుపట్ల గల గుజ్జు ఫ్యాక్టరీలకైనను చేరవలెను, లేదా రహదారి పట్టి పరప్రాంతములకైనను పోవలెను. 2025లో ధర పడిపోయి, పరిశ్రమలవారు కిలోకు 8 రూపాయలు ఇచ్చునట్లును, దానికి ప్రభుత్వము 4 రూపాయలు కలుపునట్లును నిర్ణయింపవలసివచ్చిన సంగతి పాఠకులు మరచియుండరు. అట్టి యేటిలో కాయను మోయు బండి త్రోవలో నిలిచిపోయినచో రైతునకు మిగులునదేమి? బండివానికి మిగులునదేమి?

ఇట్లు నిలిచిపోవు బండ్లు ఒకటి రెండు కావు. చిత్తూరు మొదలు పలమనేరు వరకు రహదారి ప్రక్కనున్న మెకానిక్కు షెడ్లను చూచుచు పోయినచో, చక్రముల క్రింద రాళ్లుపెట్టి, ఇంజను దింపి, పట్టా కప్పి యుంచిన పాత లారీలు కంటబడుచునే యుండును. విచారించినచో యజమాని చెప్పు మాట సామాన్యముగ నొక్కటే: 'సామాను దొరకలేదు సామీ.' చేతిలో పైకము లేకయు కాదు, పని తెలిసిన మెకానిక్కు లేకయు కాదు. కావలసిన లైనరో, ఆయిలు పంపు గేరో, సిలిండరు హెడ్డో కంపెనీవారు చేయుట మానివేసిరి. వేయి రూపాయల సామాను లేక లక్షల రూపాయల బండి మూలబడియున్నది. ఇది ఒక్క లారీ యజమాని కష్టమని త్రోసివేయదగిన విషయము కాదు. రైతునకు, వర్తకునకు, రహదారిపై నడచు ప్రతి ప్రాణికిని సంబంధించినది.

కంపెనీవారు సామాను చేయుట ఏల మానుదురు? ఒక ఇంజను భాగమును పోతపోయుటకు నమూనాలు, అచ్చులు, దానిని చెక్కుటకు ప్రత్యేకములైన పనిముట్లు కావలెను. వేల సంఖ్యలో అమ్ముడు పోవునంత కాలము ఆ ఖర్చు గిట్టుబాటగును. అమ్మకము వందలకు, పదులకు దిగినపుడు అచ్చులు మూలబడును, భాగములు చేసి యిచ్చు చిన్న కర్మాగారము వేరు పనికి మరలును. దీనికి తోడు పొగ నిబంధనలు వచ్చినవి. 2010లో మూడవ మెట్టు, 2017లో నాలుగవ మెట్టు, ఐదవదానిని దాటి 2020 ఏప్రిలులో ఏకముగ ఆరవ మెట్టు దేశమునకెల్ల వర్తించెను. ఒక్కొక్క మెట్టుతో పాత ఇంజనుల వంశములు అంతరించెను. కొత్త ఇంజనులలో ఇంధనము పోయు పనిని మీటలు, స్ప్రింగులు గాక విద్యుత్పరికరములు నడుపుచున్నవి. గాలి శుభ్రపడుటకు ఇవి యవసరమే, మేము కాదనము. కాని కొత్తది పుట్టినంతమాత్రమున పాతది రహదారినుండి మాయము కాదుగదా.

ఈ కష్టము మనకు కొత్త కాదు. 1953లో టారిఫ్ కమిషను, ఈ దేశములో బండ్లను క్రమక్రమముగ పూర్తిగ తయారుచేయుటకు పూనుకొన్న సంస్థలకే తావుండవలెనని సిఫారసు చేసెను. విదేశములనుండి భాగములు తెచ్చి ఇచ్చట కూర్చుచుండిన ఫోర్డు, జనరల్ మోటార్సు సంస్థలు అటుపిమ్మట దుకాణము కట్టివేసి వెడలిపోయెను. వారి లారీలు మాత్రము మన రోడ్లమీదనే యుండెను. వాటికి సామాను రాదు. అపుడు మనవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. పాత పెట్రోలు లారీల ఇంజను తీసివేసి, పెర్కిన్స్ డీసెలు ఇంజను తగిలించి మరి కొన్నేండ్లు నడిపిరి. ఆ ఇంజనులను మద్రాసు సింప్సను కంపెనీవారు ఇచ్చటనే చేయ మొదలిడిరి. అంతకు ముందు రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కరవైనపుడు బొగ్గు గ్యాసుతో బస్సులు నడచిన సంగతి పెద్దలు చెప్పగా విననివారుండరు. అవసరము ఉపాయమును నేర్పుననుటకు ఇంతకు మించిన దృష్టాంత మేల?

తరువాతి చరిత్ర మన స్వంతము. టాటావారు 1954లో జర్మనీలోని డైమ్లర్-బెంజితో 15 ఏండ్ల ఒడంబడిక చేసికొని లారీలు చేయసాగిరి. 1969లో ఆ గడువు తీరినది. దాని సంతతియే మన మెకానిక్కుల నోట 692, 697 అని పిలువబడు ఇంజనులు. ఆరు సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు గలది మొదటిది. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు గలది రెండవది. 1948లో అశోక్ మోటార్సుగ పుట్టి, 1955లో అశోక్ లేలండుగ మారిన ఎన్నూరు కర్మాగారము మరియొక వంశమును నిలిపినది. దానికి ఇంజను విద్య నిచ్చిన ఇంగ్లండులోని లేలండు లారీ శాఖ 1987లో డాఫ్‌తో కలిసి, 1993లో దివాలా తీసినను, ఎన్నూరు శాఖ నిలిచియే యున్నది. గురువు దుకాణము మూతబడినను శిష్యుడు కొలిమి ఆర్పలేదు. ఈ రెండు వంశముల ఇంజనులును సామాన్యుడు విప్పి, చూచి, తెలిసికొని బాగుచేయదగినవి. అందుచేతనే ముప్పది యేండ్ల బండి కూడ నేటికిని కొన్ని చోట్ల బోరు యంత్రమును మోయుచున్నది, రాయిని మోయుచున్నది, చెరకును మోయుచున్నది.

కంపెనీ మానిన సామాను ఎచ్చట దొరకును? విజయవాడ ఆటోనగరులో, సికింద్రాబాదు రాణీగంజిలో, చెన్నై పుదుపేటలో, బెంగళూరు జె.సి. రోడ్డులో వెదకి తెచ్చుకొనువారు తెచ్చుకొనుచున్నారు. బంగారుపాళ్యము చెన్నైకిని, బెంగళూరునకును ఇంచుమించు నడిమధ్యన నుండుట ఇచ్చటి వారి కొక లాభము. తెలిసిన మెకానిక్కు ఇంకొక దారియు చూపును. లారీలో వాడిన ఇంజనునే బస్సునకును, కరెంటు జనరేటరునకును వాడియుందురు. లారీ సామాను మానినను జనరేటరు సామాను దొరకవచ్చును. ఆర్‌టీసీవారు వేలము వేయు పాత బస్సులలో లారీకి సరిపడు ఇంజనులు, గేరు పెట్టెలు కలవు. కంపెనీవారు పాత భాగము నంబరును మార్చి, అదే భాగమును కొత్త నంబరుతో అమ్ముటయు కద్దు. పాత నంబరు చెప్పి లేదనిపించుకొని మరలి వచ్చినవాడు, దానికి బదులుగ వచ్చిన నంబరేదని యొక మాట అడిగినచో పని జరిగియుండును. లైనరు అరిగినచో బోరు పెంచి పెద్ద పిస్టను వేయవచ్చును. క్రాంకు షాఫ్టు అరిగినచో సానబట్టి, దానికి తగిన మందపు బేరింగు వేయవచ్చును. ఇదంతయు మన పల్లె షెడ్లలో ఏ పట్టమును లేని పనివారు నిత్యము చేయుచున్న విద్య.

అయితే ఈ విద్యకు ఒక హద్దు కలదు. దానిని దాటుట ప్రమాదము. బుష్షు, పిన్ను, గ్యాస్కెటు, నీటి పంపు వంటివి లేతు మీద చేయించుకొన్నను, చెడినచో బండి నిలుచునే గాని మనిషి పోడు. కనెక్టింగు రాడ్డు బోల్టులు, స్టీరింగు కీళ్లు, బ్రేకు సామాను అట్టివి కావు. వాటి బలము ఆకారములో లేదు. లోహములో నున్నది, దానికి పెట్టిన కాకలో నున్నది. కంటికి ఒకే తీరుననున్న రెండు బోల్టులలో ఒకటి పదేండ్లు నిలుచును, రెండవది పది దినములలో తెగును. అసలు సామాను దొరకనపుడు, దాని పేరు అచ్చు వేసిన పెట్టెలో నకిలీ సామాను దిగుట సహజము. కరవు కాలమున కల్తీ పెరుగుట బియ్యమునకెంత నిజమో, బ్రేకు లైనింగునకును అంతే నిజము.

బంగారుపాళ్యమునకు పలమనేరునకు నడుమ మొగిలి కనుమ యున్నది. 2024 సెప్టెంబరులో ఆర్‌టీసీ బస్సునకును లారీలకును జరిగిన ఘర్షణలో పలువురు మరణించిన స్థలమది. ఆ ప్రమాదమునకు కారణమేమియని నిర్ణయించుట మా పని కాదు. కాని బరువుతో ఆ వాలు దిగు ప్రతి లారీ బ్రేకుమీదను ఎందరి ప్రాణములో ఆధారపడి యున్నవని మాత్రము ఎల్లరెరుగుదురు. కావున పాత లారీలను రోడ్డు మీదనుండి తొలగింపుడని కొందరు పెద్దలు చెప్పుచున్న మాటలో న్యాయము లేకపోలేదు. బ్రేకు లేని బండి, కనుచూపు మేర పొగ క్రక్కు బండి నడువరాదు. ఈ విషయమున మేము యజమానుల పక్షము వహింపము.

మా వాదము వేరు. 2021లో కేంద్ర ప్రభుత్వము పాత బండ్లను తుక్కు చేయు విధానమును ప్రకటించినది. 2022 ఏప్రిలునుండి 15 ఏండ్లు దాటిన భారీ లారీకి యోగ్యతా పత్రము పొందవలెనన్నచో రుసుము 12,500 రూపాయలుగ నిర్ణయించినది. ఆ పిమ్మట రుసుములు ఇంకను పెరిగినవి. యంత్రములతో పరీక్షించు కేంద్రములు వచ్చుచున్నవి. మంచిదే. కాని రుసుము పుచ్చుకొని, పరీక్షించి, నడుపుకొనవచ్చునని పత్రమిచ్చుటకు అర్థమేమి? ఈ బండికి ఇంకను ఆయువు కలదని ప్రభుత్వమే యొప్పుకొనుట. ఆయువు కలదని యొప్పుకొన్న బండికి మందు దొరకకుండ చేయుట ఏ ధర్మము? నడువ ననుమతించి, సరియైన సామాను దొరకు దారి చూపనిచో, యజమానిని నకిలీ సామానువైపు ప్రభుత్వమే త్రోసినట్లగును. పరీక్ష కఠినమైనకొలది సామాను సులభము కావలెను. ఈ రెండును జోడెద్దులు. ఒకదానినే కట్టినచో కాడి వంకరపోవును.

కొత్త లారీ కొనరాదా యని పట్టణవాసులు అడుగవచ్చును. పాత లారీ యజమానులలో అనేకులు ఒకనాటి డ్రైవర్లు. పుస్తెలమ్మియు, పొలము కుదువబెట్టియు కొన్న ఒక్క బండియే వారికి ఆస్తి. కొత్త లారీకి నెల నెలకు కట్టవలసిన వాయిదా సంవత్సరము పొడుగున కిరాయి దొరకువానికే సాగును. మామిడి నాలుగు వారములు, చెరకు కొన్ని వారములు నమ్ముకొన్నవానికి సాగదు. అప్పు తీరిన పాత బండియే అట్టివానికి అన్నము పెట్టుచున్నది.

సామాను విషయమున యోచన అసలే జరుగలేదని మేమనము. కార్ల తయారీదారులు పదునలుగురు విడిసామానును బయటి మెకానిక్కులకు దొరకనీయక బిగబట్టిరని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషను తీర్పుచెప్పి, మొత్తము 2,500 కోట్లకు మించిన జరిమానా విధించెను. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖవారు మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించి, మోటారు బండ్లను, వ్యవసాయ యంత్రములను అందు చేర్చిరి. 2025 సెప్టెంబరులో విడిసామానుపై పన్నును 18 వంతులకు సమము చేసిరి. ఇవి మంచి మొదళ్లు. కాని కారుగల వానికి పలికిన న్యాయము లారీగల వానికిని పలుకవలెను. దొరకు సామాను ధర తగ్గించుట ఎంత ముఖ్యమో, దొరకని సామానును దొరకింపజేయుట అంతకంటె ముఖ్యము.

ఇందుకు మాకు తోచిన మార్గములు కొన్ని విన్నవింతుము. మొదటిది, ఒక మోడలును మానునపుడు దాని సామానును ఇంకెన్నేండ్లు చేయుదురో కంపెనీ బహిరంగముగ ప్రకటింపవలెను. ఆ గడువు చట్టము బండికి ఒప్పుకొన్న ఆయువునకు తక్కువ కారాదు. రెండవది, ఆ గడువు తీరినపిమ్మట కొలతలను, లోహపు వివరములను తగిన రుసుముపై చిన్న కర్మాగారముల కీయవలెను. తాను చేయదు, ఇతరులను చేయనీయదు అనుట గడ్డివామి మీది కుక్క సామెతను జ్ఞప్తికి తెచ్చును. మూడవది, తుక్కు కేంద్రములలో విరుగగొట్టు బండ్లనుండి పనికివచ్చు ఇంజను భాగములను వేరుచేసి, పరీక్షించి, ముద్రవేసి అమ్ము ఏర్పాటు జరుగవలెను. 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ వాహనములు 2023 ఏప్రిలునుండి తుక్కు కావలసియున్నవి. అందు ఎంత సామాను మట్టిపాలగునో ఊహింపుడు. నాల్గవది, ఆర్‌టీసీ వేలములు పెద్ద వర్తకులకే అందు పెద్ద మొత్తములుగ గాక, చిన్న యజమానియు పాడుకొనగల చిన్న మొత్తములుగ నుండవలెను. ఐదవది, 2015లో తిరుపతిలో నెలకొన్న ఐ.ఐ.టి., మన పాలిటెక్నిక్కులు, ఐ.టి.ఐ.లు ఈ పనికి కొంత చేయూత నీయవలెను. అరిగిన భాగమును కొలిచి, లోహమును పరీక్షించి, దాని పటమును గీసి యిచ్చుట విద్యార్థికి చదువును, యజమానికి బ్రతుకును అగును.

ప్రభుత్వమునకు చెప్పి ఊరకుండుట మా యలవాటు కాదు. లారీ యజమానుల సంఘములవారు తమ వంతు చేయవలెను. ఏ బండికి ఏ సామాను కావలెనో, ఎవరి షెడ్డులో ఏ భాగము మిగిలియున్నదో వ్రాసియుంచు ఒక ఖాతా పుస్తకము చిత్తూరులో నుండిన, ఎన్ని బండ్లు లేచి నడువవు? ఒకని షెడ్డు మూల త్రుప్పుపట్టుచున్న హెడ్డు మరియొకని బండికి ప్రాణము కావచ్చును. నలుగురు యజమానులు కలిసి ఇరువది లైనర్లకు ఆర్డరిచ్చినచో చేసియిచ్చు పోతపని కర్మాగారములు కోయంబత్తూరులో లేకపోలేదు. ఒక్కడు ఒక్కదానికై పోయిన నాడు ఎవడును పలుకడు. సహకార పద్ధతి విత్తనములకు, పాలకు పనికివచ్చినపుడు పిస్టనులకు మాత్రమేల పనికిరాదు? బ్రేకు, స్టీరింగు విషయమున నకిలీ సామాను ముట్టమని సంఘములు కట్టుబాటు చేసికొన్ననాడు, ప్రజలును వారి మొర ఆలకింతురు.

స్వదేశీ యనునది వస్త్రముతో ముగిసిన వ్రతము కాదు. కదురు వంగినచో ఊరి కమ్మరి దానిని సరిచేయగలుగుటయే రాట్నము గొప్పతనము. మనము కొన్న యంత్రమును మనమే బాగుచేసికొనజాలనినాడు, అది మన యింట నున్నను మనది కాదు. కంపెనీవారు, ప్రభుత్వమువారు, యజమానులు ఈ సత్యమును గుర్తించి, వచ్చు మామిడి కాపు నాటికైనను రాళ్లమీద నిలిచిన బండ్లలో కొన్ని క్షేమముగ కదలునట్లు చేయుదురుగాక. కదలరానివానికి న్యాయమైన వెల యిచ్చి విశ్రాంతి నిత్తురుగాక.