నోటికీ ఒక ఖాతా

పేలియో ఆహారమంటే పాతరాతి యుగపు మనిషిలా తినడం. 1985లో బాయ్డ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుల వ్యాసంతో ఈ ఆలోచనకు ప్రచారం వచ్చింది. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, పళ్ళు, బాదం వంటివి తినవచ్చు. ధాన్యం, పప్పులు, పాలు, పంచదార కూడదు.

మన తమకలో చిక్కంతా ఇక్కడే. కోలారు సీమలో రాగిసంగటి మానడం తేలికా? చలికాలంలో పితికిపప్పు మాటేమిటి? వేరుశనగ కూడా పప్పుజాతిదే! ఇక శాకాహారుల కంచంలో మిగిలేది కొద్దే.

పైగా ఉద్యోగస్తులకు తీరిక తక్కువ. సాయంత్రం టీతో వచ్చే బిస్కట్ల దగ్గరే నియమం తప్పుతుంది. అందుకే కూరగాయలు రాత్రే తరిగి పెట్టుకోండి. సంచిలో ఒక జామకాయ, గుప్పెడు బాదంపప్పు ఉంచుకోండి.

మధుమేహానికి మాత్రలో, ఇన్సులినో వాడేవారు డాక్టరును అడగకుండా అన్నం, సంగటి మానకండి. మందు మోతాదు మార్చకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

నా మట్టుకు నేను సంగటి వదల్లేదు. ముద్ద చిన్నది చేసి, ఆకుకూర పెంచాను. పంచదార, బేకరీ సరుకు మానేశాను. రికరింగ్ డిపాజిట్ తెరవడం సులువు, నెలనెలా కట్టడమే కష్టం. కట్టగలిగినంతకే ఒప్పుకుంటే ఖాతా నిలుస్తుంది.