శవము మాటాడు చిత్రము – పిల్లలు

2010లో అమెరికాలో వెలువడిన ‘జోనా హెక్స్’ చిత్రమును పిల్లలకు జూపవచ్చునా యని యొక తల్లి యడిగినది.

ఇది యా దేశపు అంతర్యుద్ధము ముగిసిన పిమ్మటి కథ. నాయకుడు శవమును తాకినచో నది లేచి మాటాడును. భేతాళ కథలు వినిన మన పిల్లలు దీనికి బెదరరు. నాకు వెఱపు గొల్పినది వేఱు. శత్రువు నాయకుని బంధించి, భార్యాపుత్రులు ఇంటితో గూడ దగ్ధమగుచుండ నాతనిచే జూపించును. పిమ్మట ముఖమున వాత వేయును. సుమారు 80 నిమిషముల కథకు పగయే ప్రాణము. గుఱ్ఱమున కిరుప్రక్కల మరతుపాకులు గట్టి కాల్చుచుండ మగపిల్లలు చప్పట్లు కొట్టుదురు. కూలినవా రెవరో తెలుపుటకు కథ యాగదు.

అచ్చట దీనికి ‘పీజీ-13’ ముద్ర వేసిరి. 13 ఏండ్ల లోపువారి విషయమున తలిదండ్రులు మిక్కిలి జాగరూకులు కావలయునని దాని యర్థము. దానిని అనుమతిగా గొనరాదు. 14 ఏండ్ల కుమారుడు కోరినచో ప్రక్కన గూర్చుండి చూడనిండు. చిన్నవానిని మాత్ర మా మంటయెదుట గూర్చుండబెట్టకుడు.