వంట గ్యాసు: ధర కంటె రొక్కానిదే చిక్కు

వరంగల్లు: వంట గ్యాసు ధర పెరిగిందా, తగ్గిందా అన్నదే ఎప్పుడూ వార్త అవుతున్నది. ఎనుమాముల మార్కెట్టును నమ్ముకున్న రైతు కూలీ కుటుంబాలకు అసలు చిక్కు వేరే ఉన్నది. బండ వాకిట దిగిన నాడు సొమ్మంతా ఒక్కసారే చేతిలో ఉండాలి.

గృహావసరాల బండలో ఉండేది 14.2 కిలోలు, ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమం. దేశ వాడకంలో సగానికి మించి దిగుమతి సరుకే. సౌదీ అరామ్కో నెలనెలా ప్రకటించే రేట్లే దీనికి కొలబద్ద. 2023 ఆగస్టులో రు. 200, 2024 మార్చిలో రు. 100 తగ్గించి, 2025 ఏప్రిల్‌లో రు. 50 పెంచారు. ఆ పెంపుతో హైదరాబాదులో బండ రు. 905 అయినది, వరంగల్లులో మరికొంత ఎక్కువ. కిలో సుమారు రు. 64 పడినట్లు.

చలిదేశాలవారు ప్రొపేనును ఇల్లు వెచ్చజేసుకోవడానికి కొంటారు. ఇక్కడ చలికాలపు ఖర్చంతా స్నానాల నీళ్లదే. 20 లీటర్ల బక్కెట్టు నీటికి 20 డిగ్రీల వేడి ఎక్కించాలంటే, పొయ్యి వద్ద వృథాతో కలిపి, సుమారు 60 గ్రాముల గ్యాసు కావాలి. రోజుకు నాలుగు బక్కెట్లు కాస్తే నెలకు ఏడు కిలోలు, అంటే సగం బండ! కరెంటు హీటరైతే అవే నీళ్లకు నెలకు 60 యూనిట్ల దాకా అవుతుంది. 2024లో మొదలైన ఉచిత విద్యుత్తు హద్దు 200 యూనిట్లు. అది దాటితే బిల్లు మొత్తం కట్టాలి. ఇంట్లో గ్యాసు ఉన్నవారు సైతం వాకిట్లో కట్టెలపొయ్యి తీసివేయకపోవడంలో వింత లేదు. చేను తీసేసిన తరువాత పత్తికట్టె ఊరికే దొరుకుతుంది. పొగ మాత్రం ఆడవారి పాలు.

వానలు పడగానే కట్టె తడుస్తుంది. రొక్కం విత్తనాలకు, ఎరువులకు పోతుంది. కొత్త పత్తి డబ్బు దసరా దాటితే గాని చేతికి రాదు. గ్యాసు తప్పనిసరి అయ్యే నెలలలోనే పైకానికి కటకట.

మహాలక్ష్మి పథకం కింద 2024 ఫిబ్రవరి 27న ప్రారంభమైన గ్యాసు రాయితీ ప్రకారం తెల్లకార్డువారికి బండ రు. 500కే. కాని ముందు పూర్తి ధర చెల్లించాలి. పైమొత్తం తరువాత బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. అంతవరకు కూలివాడే సర్కారుకు అప్పిచ్చినట్లు. పైగా ఎన్ని బండలకు రాయితీ ఇచ్చేదీ గడచిన మూడేళ్ల వాడకపు సగటును బట్టి నిర్ణయించారు. రొక్కం లేక కట్టెతో సరిపెట్టుకున్నవారికి రాయితీ కూడా తక్కువే!

రాయితీని బిల్లులోనే మినహాయించడం న్యాయం. డీలర్లకు ప్రభుత్వం నుంచి సొమ్ము వెంటనే ముట్టితేనే అది సాగుతుంది. అంతదాకా 5 కిలోల గృహ వినియోగపు బండ ఉన్నది. కిలో ధర పెద్దబండతో ఇంచుమించు సమానమే. వారం కూలిలోంచి తీసి కొనదగినది అదొక్కటే. మృగశిర కార్తె రాకముందే చమురు సంస్థలు పల్లెల డీలర్ల వద్ద వీటిని చాలినన్ని నిలవ ఉంచడం అవసరం.